అగ్రపీఠములు, మేడమెట్లు: వృత్తి సదస్సులలో మర్యాద, అందుబాటులపై ఒక విమర్శ

1. ఉపోద్ఘాతము

ఒకే వృత్తిలోనివారు తమ పనిని తోటివారి యెదుట ఉంచి, ప్రశ్నించుకొని, ఒకరి నుండి ఒకరు నేర్చుకొనుటకు కూడే స్థలమే వృత్తి సదస్సు. వైద్యులకు, ఉపాధ్యాయులకు, న్యాయవాదులకు, కంప్యూటరు నిపుణులకు ఇది ఎంత అవసరమో కాపరులకు, వేదాంత బోధకులకు కూడ అంతే అవసరము. అయితే ఇట్టి సదస్సులను గూర్చి మనము వ్రాసుకొనే నివేదికలలో ఎవరు అధ్యక్షత వహించారు, ఎవరు ప్రారంభించారు, ఎన్ని పత్రములు సమర్పించబడినవి అను వివరములే కనిపిస్తాయి. ఎవరు రాలేకపోయారు, వచ్చినవారిలో ఎవరు నోరు విప్పలేకపోయారు అనే సంగతి ఎక్కడా వ్రాయబడదు. వ్రాయబడని ఆ భాగమును వాక్యపు వెలుగులోను, చట్టపు వెలుగులోను పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

పరిశీలనకు హైదరాబాదు నడిబొడ్డున ఉన్న అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములను ఎన్నుకొన్నాను. ఇందుకు కారణములున్నవి. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపట్ల వీధులు కంప్యూటరు శిక్షణా కేంద్రములకు పేరుపొందినవి. హోటళ్లలోని సమావేశ మందిరములు, ఫంక్షన్ హాళ్లు, అద్దెకిచ్చే చిన్న హాళ్లు ఈ రెండు ప్రాంతములలో విస్తారముగా ఉన్నాయి. పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి 1964లో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా, అనగా ఎముకల, కీళ్ల వైద్యశాలగా ఆరంభమైనది. నడవలేనివారిని నడిపించుటకై పుట్టిన ఆసుపత్రి చుట్టూ ఉన్న ఈ వీధులలోనే, మెట్లు ఎక్కలేనివారు అడుగు పెట్టజాలని సమావేశ మందిరములు అనేకము ఉన్నవి. మరొక సంగతి. 2017 నవంబరులో హైదరాబాదు మెట్రో రైలు అమీర్‌పేటకు, 2018 సెప్టెంబరులో పంజాగుట్టకు వచ్చినది. ఆ స్టేషన్లలో లిఫ్టులు ఉన్నవి, చూపులేనివారి పాదములకు దారి తెలియజేసే గరుకు పలకలు ఉన్నవి. చక్రాల కుర్చీలో ఉన్నవారు స్టేషను నుండి రోడ్డు మీదికి దిగగలరు. అక్కడ నుండి సభాస్థలము వరకు, సభాస్థలము నుండి వేదిక వరకు ఉన్న దూరమే మన విమర్శకు విషయము.

ఈ వ్యాసములో నేను చెప్పదలచిన మాట ఒక్కటే. మర్యాద వేరు, అందుబాటు వేరు అని మనము అనుకొంటున్నాము. మర్యాదను పెద్దలకు చేసే సన్మానముగాను, అందుబాటును అశక్తులకు చేసే సహాయముగాను విడదీశాము. వాక్యములో గాని, నేటి చట్టములో గాని ఈ విభజన లేదు. రెండింటి వెనుకను ఉన్నది ఒకే ప్రశ్న: ఈ సభకు ఎవరు వస్తారని మనము ముందుగా ఎదురుచూశాము?

2. మన సదస్సుల తీరు

ఒక సదస్సు ఆహ్వాన పత్రికను చేతిలోనికి తీసుకొని చూడండి. పైభాగమంతయు ముఖ్య అతిథి, గౌరవ అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి అను వరుసతో నిండియుంటుంది. ఎవరి పేరు ఎవరి పేరుకు పైన ఉండవలెను అనే విషయములో నిర్వాహకులు పడే శ్రమ ఇంతా అంతా కాదు. సభ ఆరంభమైన తరువాత అతిథులను ఒక్కొక్కరిగా వేదిక మీదికి పిలుచుట, పుష్పగుచ్ఛము, శాలువా, జ్ఞాపిక, ఛాయాచిత్రము అను క్రమము నడుస్తుంది. అతిథులు తమ సందేశములు ఇచ్చి, అత్యవసరమైన పనులున్నవని సెలవు తీసుకొంటారు. అప్పటికి పత్రము సమర్పించవలసిన యువ పరిశోధకునికి ఇరువది నిమిషములకు బదులుగా ఏడు నిమిషములు మిగులుతాయి. ప్రశ్నలకు సమయము ఉండదు. ఏ పనికొరకు కూడుకొన్నామో ఆ పనియే కుదించబడుతుంది.

భోజన సమయములో ఇదే క్రమము మరొక రూపములో కనిపిస్తుంది. అతిథులకు ప్రత్యేకమైన గది, వడ్డన, కూర్చొనుటకు బల్లలు. మిగిలినవారికి చేతిలో పళ్లెముతో నిలువబడే బఫే. చేతికర్రతో నడిచేవారు ఆ కర్రను పట్టుకొందురా, పళ్లెమును పట్టుకొందురా? పెట్టేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒక్కటేనని సామెత. మన సదస్సులలో కొందరికి కడబంతి కూడ లేదు. కొరింథు సంఘములో ముందు వచ్చినవారు తిని తృప్తిపొందగా వెనుక వచ్చినవారు ఆకలితో ఉండిపోయిన సంగతిని పౌలు ఎంత తీవ్రముగా ఖండించాడో (1 కొరింథీ 11:17-22) ప్రభురాత్రి భోజన సందర్భములో మనము తరచుగా చదువుతాము. మధ్యాహ్న భోజన సందర్భములో చదవము.

తేనీటి విరామములో సంభాషణలను గమనించండి. క్రొత్తగా వచ్చిన ప్రతినిధిని అడిగే మొదటి ప్రశ్న ఆయన పత్రమును గూర్చి ఉండదు. మీది ఏ ఊరు, ఇంటిపేరు ఏమిటి, ఊరిలో ఎక్కడ మీ ఇల్లు అను ప్రశ్నలు వరుసగా వస్తాయి. అడిగేవారికి ఏమి కావలెనో చెప్పేవారికి తెలుసును. కులము తెలిసిన తరువాత గొంతులోని స్వరము మారుట కూడ వారికి తెలుసును. ఇక స్త్రీల సంగతి. దక్షిణ ఇండియా సంఘములో నంద్యాల అధ్యక్ష మండలమునకు 2013లో పుష్పలలిత గారు బిషప్‌గా అభిషేకించబడి, ఆ సంఘములో తొలి మహిళా బిషప్ అయినారు. అయినను మన సదస్సులలో వేద పట్టభద్రురాలైన సోదరిని స్వాగత గీతమునకు, పుష్పగుచ్ఛములు అందించుటకు పిలిచి, పత్రముపై చర్చకు ఆమె సహవిద్యార్థియైన సోదరుని పిలుచుట నేటికిని చూస్తున్నాము. ఆంగ్లములో తడబడే గ్రామ కాపరి చేయి ఎత్తినప్పుడు, టైము లేదు బ్రదర్ అని కూర్చుండబెట్టుట కూడ చూస్తున్నాము. మంచినీళ్లు అందించే అబ్బాయిని, కుర్చీలు సర్దే పెద్దవయస్సు మనిషిని ఏకవచనములో పిలిచే నోళ్లే వేదిక మీద గౌరవనీయులు, పూజ్యులు అను మాటలను ధారాళముగా వాడుతున్నవి.

ఇవన్నియు చిన్న విషయములని కొందరు తలంచవచ్చును. విడివిడిగా చూచినప్పుడు చిన్నవే. కలిపి చూచినప్పుడు, గౌరవము అనే ద్రవ్యము మన యొద్ద కొంచెమే ఉన్నట్టును, దానిని వేదిక మీదనే ఖర్చు చేయవలసినట్టును మనము ప్రవర్తిస్తున్నామని తేటపడుతుంది.

3. మోమాటము: యాకోబు 2:1-4

యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో వర్ణించినది సరిగా ఒక సభనే. బంగారు ఉంగరము ధరించిన ఒకడు, మురికి బట్టలతో ఉన్న మరొకడు ఒకే సమయమున లోపలికి వస్తారు. మన తెలుగు బైబిలులో సమాజమందిరము అని ఉన్నచోట మూలభాషలో సినగోగే అను పదమున్నది. ఆ పదము కట్టడమునకును, కూడి వచ్చిన సభకును చెల్లుతుంది. ఇది ఆరాధన కూడిక కాదు, తగవులను విచారించే సభ అని భావించిన పండితులు కూడ ఉన్నారు. ఏ విధముగా చూచినను యాకోబు విమర్శ ఆదివారపు ఆరాధనకు మాత్రమే పరిమితము కాదు.

ఇక్కడ మన అనువాదకులు వాడిన రెండు మాటలు గమనార్హములు. మొదటిది మోమాటము. మూలభాషలోని పదమునకు ముఖమును స్వీకరించుట అని అక్షరార్థము. మోమాటములోను మోము ఉన్నది. ఎదుటివాని ముఖమును, హోదాను చూచి మాట మార్చుకొనుట అను అర్థమునకు ఇంతకన్న దగ్గర మాట తెలుగులో దొరకదు. నేడు మనము మొహమాటమును ఒక మంచి గుణముగా, సిగ్గరితనముగా చెప్పుకొంటున్నాము. ముఖ్య అతిథి తన సమయమును మూడింతలు మించి మాట్లాడుచున్నను అధ్యక్షుడు చీటీ పంపలేకపోవుట మొహమాటమే. కాని ఆ మొహమాటమునకు వెల చెల్లించేది చివరి పత్రము చదువవలసిన విద్యార్థి.

రెండవ మాట సన్మానించుట. ప్రశస్త వస్త్రములు ధరించినవానికి మంచి స్థలము చూపుటను మన అనువాదము ఈ మాటతోనే చెప్పినది. నేడు ప్రతి సదస్సు కార్యక్రమ పట్టికలో ఉన్న మాట అదే. సన్మానము తప్పని యాకోబు చెప్పలేదు. ఒకే వాకిట వచ్చిన ఇద్దరిలో ఒకనిని సన్మానించి, రెండవవానిని నిలువబెట్టుట లేక పాదపీఠము దిగువను కూర్చుండబెట్టుట తప్పని చెప్పాడు. రెండవవానిని ఎవరును బయటికి గెంటలేదు, తిట్టలేదు. లోపలికి రానిచ్చి, వాని స్థానమును వానికి చూపించారు. అందరికి స్వాగతము అని వ్రాసిన తోరణము క్రిందనే ఇది జరుగవచ్చును. కాబట్టి తలుపు తెరచియున్నంత మాత్రమున సభ అందరికి అందుబాటులో ఉన్నదని చెప్పలేము.

4. అతిథికి ఒక మాట, ఆతిథేయునికి ఒక మాట: లూకా 14:7-14

లూకా సువార్త 14వ అధ్యాయములో ప్రభువు ఒక పరిసయ్యుని ఇంట భోజనమునకు కూర్చుండి రెండు మాటలు చెప్పాడు. అగ్రపీఠములను ఏర్పరచుకొనుచున్న అతిథులతో చెప్పినది మొదటి మాట (7-11 వచనములు). భోజనమునకు పిలిచిన ఆతిథేయునితో చెప్పినది రెండవ మాట (12-14 వచనములు). మన ప్రసంగములలో మొదటి భాగమును తగ్గింపును గూర్చిన పాఠముగాను, రెండవ భాగమును బీదలకు చేయవలసిన ధర్మమును గూర్చిన పాఠముగాను రెండు వేర్వేరు ఆదివారములలో బోధిస్తాము. లూకా వాటిని ఒకే బల్ల యొద్ద, ఒకే సంభాషణలో ఉంచాడు. ఎవరు ఎక్కడ కూర్చుంటారు అను ప్రశ్న నుండి, అసలు ఎవరిని పిలిచారు అను ప్రశ్నకు ప్రభువు నేరుగా నడిచాడు. మర్యాదను గూర్చిన ప్రశ్నను చివరి వరకు అడిగితే అది అందుబాటును గూర్చిన ప్రశ్నగా మారుతుందని ఈ వరుస మనకు నేర్పుతున్నది.

అయితే ఈ వాక్యభాగమును నేటి వృత్తి సదస్సుకు అన్వయించునప్పుడు ఒక జాగ్రత్త అవసరము. అక్కడ పిలువబడినవారు తిరిగి విందు చేయలేనివారు గనుక వారిని పిలువుమని ప్రభువు చెప్పాడు. ఇంటి యజమాని పొందగోరే ప్రతిఫలమును విమర్శించుటకు ఆ మాట చెప్పబడినది. మనము దానిని తలక్రిందులు చేసి, అంగవైకల్యము గలవారు ఏమియు ఇవ్వలేనివారు అను సిద్ధాంతముగా మార్చుకొన్నాము. నేడు చూపులేని న్యాయవాది, వినికిడి లేని ఉపాధ్యాయుడు, చక్రాల కుర్చీలో ఉన్న ఇంజనీరు రుసుము చెల్లించి, తమ పత్రమును చేతబట్టుకొని సదస్సునకు వస్తున్నారు. వారు ధర్మమునకు వచ్చినవారు కారు, తోటి పనివారు. దావీదు బల్ల యొద్ద భోజనము చేసిన మెఫీబోషెతు కథలో కూడ (2 సమూయేలు 9) రాజు దయ కనిపిస్తుంది గాని, ఆ బల్ల యొద్ద అతనికి ఏదైన మాట చెల్లెనా అనునది కథ చెప్పదు. చోటు ఇచ్చుట వేరు, మాట ఇచ్చుట వేరు.

తెలుగు క్రైస్తవ చరిత్రలో ఈ భేదము స్పష్టముగా ఉన్నది. 1915లో ఇసబెల్ కెర్ గారు నిజామాబాదు ప్రాంతములోని డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకై వైద్యశాల ఆరంభించినారు. ఇట్టి సేవలను గూర్చి మనము న్యాయముగానే కృతజ్ఞతతో చెప్పుకొంటాము. కాని స్వస్థత పొందినవారిలో ఎందరు మన కమిటీలలో, మన సినడ్లలో, మన సదస్సుల వేదికల మీద కూర్చున్నారు అని అడిగినప్పుడు మన నివేదికలు మౌనముగా ఉంటాయి. సేవ చేయుటకు వారిని వెదకిన మనము, సలహా అడుగుటకు వెదకలేదు.

5. మోయబడినవాడు: మార్కు 2:1-12

అమీర్‌పేటలో ఒక భవనము మూడవ అంతస్తులో జరిగిన కాపరుల సదస్సులో నేను చూచిన ఒక సంగతిని ఇక్కడ ప్రస్తావించుట అవసరము. షుగరు వ్యాధి వలన ఒక కాలు తీసివేయబడిన వృద్ధ కాపరి ఆ సదస్సునకు వచ్చారు. లిఫ్టు పనిచేయుట లేదు. నలుగురు యౌవనస్థులు ఆయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండబెట్టి మూడంతస్తులు మోసుకొనివచ్చారు. సభలో చప్పట్లు మ్రోగినవి, ఫోటోలు తీయబడినవి. అధ్యక్షులు మార్కు సువార్తలోని నలుగురిని జ్ఞాపకము చేసి ఆ యౌవనస్థుల విశ్వాసమును మెచ్చుకొన్నారు. ఆ పెద్దాయన తల వంచుకొని కూర్చున్నారు. నలుబది సంవత్సరముల సేవానుభవము గల ఆయనకు మాట్లాడే అవకాశము ఇవ్వబడలేదు. ఆ తరువాత ఏ సదస్సునకును ఆయన రాలేదు. రమ్మని పిలిచినప్పుడు, మీకు శ్రమ ఎందుకు బాబూ అని ఊరుకొన్నారు.

ఆ యౌవనస్థుల ప్రేమను నేను శంకించుట లేదు. సభ వాక్యమును చదివిన తీరును ప్రశ్నిస్తున్నాను. కపెర్నహూములోని ఆ ఇంటిలో వాకిట కూడ చోటు లేనంతగా జనము నిండియున్నారని మార్కు చెప్పాడు. పక్షవాయువు గలవాడు లోపలికి రాలేకపోయినది తన శరీరము వలన మాత్రమే కాదు. వాక్యము వినుటకు వచ్చిన భక్తిగల జనము ప్రక్కకు జరుగలేదు గనుక. ఆ నలుగురు ఆ జనమును బ్రతిమాలుట మాని ఇంటి పైకప్పును విప్పారు. అనగా కట్టడము మారినది. మనమైతే పైకప్పును ముట్టక, మనిషిని మోయుటను మాత్రము అనుకరించి, దానికి చప్పట్లు కొడుతున్నాము. ఒక పూట మోయుటకు నలుగురు దొరుకుతారు. క్రింది అంతస్తులో హాలు తీసుకొనుటకు ఒక్కరు ముందుగా ఆలోచిస్తే చాలును. ఆ ఒక్కరు దొరకలేదు.

ఇదే ధోరణి మన భాషలో కూడ ఉన్నది. మన తెలుగు బైబిలులోని కుంటివాడు, గ్రుడ్డివాడు, మూగవాడు అను మాటలు ఆ కాలపు సామాన్య భాషలోనివి. వాటిని నేటి సభలో మనుష్యులకు పేర్లుగా వాడుట అవమానము. వికలాంగులు అను మాట స్థానములో 2015 చివరిలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ గారు దివ్యాంగులు అను మాటను సూచించినారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము విభిన్న ప్రతిభావంతులు అను మాటను వాడుతున్నది. లోపమున్నదని చిన్నచూపు చూచుట ఒక తప్పు. దైవత్వమును అంటగట్టి దూరము పెట్టుట మరొక తప్పు. దివ్యమైన అంగము కలదని పొగడబడినవానికి కూడ మెట్లు ఎక్కుటకు దారి లేకపోతే ఆ పొగడ్త వలన ప్రయోజనమేమి? ఏ మాటతో పిలువవలెనో ఆ వ్యక్తినే అడుగుట, అన్నిటికంటె ముందుగా పేరుతో పిలుచుట మర్యాద.

నాన్సీ ఐస్‌లాండ్ అను వేదాంతి 1994లో వెలువరించిన అశక్తుడైన దేవుడు అను అర్థము వచ్చే పేరు గల ఆంగ్ల గ్రంథములో, పునరుత్థానుడైన క్రీస్తు తన చేతులలోని, ప్రక్కలోని గాయములను దాచుకొనక శిష్యులకు చూపించుటను ప్రధానముగా తీసుకొన్నారు. మహిమ శరీరములో కూడ గాయములు ఉన్నవి. కాబట్టి గాయపడిన శరీరము స్వస్థపడువరకు సభకు తగనిది అను తలంపునకు సువార్తలో ఆధారము లేదు. ప్రపంచ సంఘముల మండలి 2003లో వెలువరించిన ప్రకటన కూడ సంఘము అందరిదిగాను, అందరి కొరకుగాను ఉండవలెనని తన పేరులోనే చెప్పుకొన్నది.

6. చట్టము చెప్పేది

ఈ విషయములో దేశ చట్టము మనకంటె ముందుకు నడిచినదని ఒప్పుకొనవలెను. 1995 చట్టము ఏడు రకముల వైకల్యములను గుర్తించగా, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చిన 2016 చట్టము ఇరువది ఒక్కటిని గుర్తించినది. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశములో 2 కోట్ల 68 లక్షల మంది, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల 66 వేల మంది వైకల్యము గలవారు ఉన్నారు. ఈ లెక్కలు పాత చట్టపు కాలమునాటివి.

2016 చట్టములో రెండు నిర్వచనములు మన చర్చకు ముఖ్యమైనవి. ప్రజలు వినియోగించే కట్టడము అనగా ప్రభుత్వ కట్టడమే కానవసరము లేదు. ప్రజలు వచ్చిపోయే ప్రైవేటు కట్టడములును, మతపరమైన కార్యక్రమములకు వాడేవియు అందులో చేరినవి. అమీర్‌పేటలోని అద్దె హాలును, మన ఆలయమును ఈ నిర్వచనము ఒకే వరుసలో నిలువబెట్టినది. రెండవది అడ్డంకి అను మాటకు ఇచ్చిన నిర్వచనము. మెట్లు, ఇరుకు తలుపులతో పాటు సమాచార సంబంధమైన, సాంఘికమైన, మనోవైఖరికి సంబంధించిన అడ్డంకులను కూడ చట్టము అందులో చేర్చినది. చెవిటివానిని తిట్టవద్దని, గ్రుడ్డివాని యెదుట అడ్డము వేయవద్దని లేవీయకాండము 19:14 ఒకే వచనములో ఆజ్ఞాపించుటను ఇక్కడ జ్ఞాపకము చేసుకొనవచ్చును. మాటతో చేసే అవమానము, దారికి వేసే అడ్డము అక్కడను కలిసియే ఉన్నవి.

సదస్సునకు సంబంధించిన ఒక కేసు సుప్రీంకోర్టు వరకు వెళ్లినది. సెరిబ్రల్ పాల్సీ గల జీజా ఘోష్ గారు వైకల్యముగలవారి హక్కులపై పనిచేసే మహిళ. 2012 ఫిబ్రవరి 19న గోవాలో జరుగనున్న అంతర్జాతీయ సదస్సునకు ఆహ్వానితురాలిగా కలకత్తాలో స్పైస్‌జెట్ విమానము ఎక్కి కూర్చున్నారు. ఆమె స్థితిని చూచి విమాన సిబ్బంది ఆమెను దించివేశారు. ఆమె ఆ సదస్సునకు వెళ్లలేకపోయారు. 2016 మే 12న సుప్రీంకోర్టు ఆమెకు పది లక్షల రూపాయల నష్టపరిహారము చెల్లించవలెనని తీర్పు చెప్పినది. ఇక్కడ గమనించవలసినది ఏమనగా, ఆమెకు సహాయము అందకపోవుట ఈ కేసులో అసలు సమస్య కాదు. ఆమె ప్రయాణము చేయదగినది అని నమ్మకపోవుట సమస్య. మర్యాద లోపించినచోట అందుబాటు మూసుకొనిపోయినది.

రెండవ కేసు మన పట్టణమునకు దగ్గరైనది. రాజీవ్ రాతూరి వేసిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2017లో ఆదేశములు ఇచ్చిన తరువాత, అవి ఎంతవరకు అమలైనవో పరిశీలించే పనిని హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమునకు చెందిన వైకల్య అధ్యయన కేంద్రమునకు అప్పగించినది. ఆ నివేదికను ఆధారము చేసుకొని 2024 నవంబరు 8న కోర్టు తీర్పు చెప్పినది. అందుబాటు ప్రమాణములు కేవలము సూచనలుగా ఉండుట చట్టమునకు విరుద్ధమని, తప్పనిసరిగా పాటించవలసిన కనీస ప్రమాణములను ప్రభుత్వము ఏర్పరచవలెనని తేల్చినది. దేశమంతటికి వర్తించే ఈ తీర్పునకు ఆధారమైన నివేదికను మన పట్టణములోని కేంద్రమే సిద్ధపరచినది.

స్త్రీల భద్రత విషయములో కూడ చట్టము సదస్సును వదలివేయలేదు. 1997 విశాఖ తీర్పు తరువాత వచ్చిన 2013 చట్టము, ఉద్యోగ సంబంధముగా వెళ్లిన ఏ స్థలమునైనను, యజమాని ఏర్పాటు చేసిన వాహనమునైనను పని స్థలముగానే పరిగణిస్తుంది. అయినను సదస్సు సంచిలో భోజన కూపన్లు, పెన్ను, పుస్తకము ఉంటాయి గాని, అనుచిత ప్రవర్తన జరిగితే ఎవరికి చెప్పుకొనవలెనో తెలియజేసే ఒక్క పంక్తి ఉండదు.

7. కొన్ని ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ: అట్టివారు ఎవరును రారు గదా, ఎవరి కొరకు ఈ ఏర్పాట్లు? ఈ మాటలో కారణము, ఫలితము తారుమారైనవి. దారి లేదు గనుక రారు. రారు గనుక దారి అక్కరలేదని మనము తీర్మానిస్తాము.

రెండవ ఆక్షేపణ: మనవి చిన్న సంస్థలు, డబ్బు లేదు. ఈ ఆక్షేపణను తేలికగా తీసివేయరాదు. చందాలతో సదస్సు నడిపేవారికి హాలు అద్దెయే భారము. సైగల భాష తెలిసిన అనువాదకులను పిలుచుటకు ఖర్చు అవుతుంది, వారు కొద్దిమందియే ఉన్నారు. అయితే చేయవలసిన వాటిలో అధిక భాగమునకు ఖర్చు లేదు. నమోదు పత్రములో మీకు ఏమి ఏర్పాటు కావలెను అని ఒక ప్రశ్న చేర్చుటకు సొమ్ము అక్కరలేదు. నాకు మైకు అక్కరలేదు, గొంతు పెద్దది అని చెప్పక మైకులోనే మాట్లాడుట, పత్రములను ముందుగా పంపుట, కొన్ని ప్రతులను పెద్ద అక్షరములతో ముద్రించుట, చక్రాల కుర్చీ తిరుగుటకు వరుసల మధ్య చోటు వదలుట, భోజనములో కొన్ని బల్లలు, కుర్చీలు వేయుట, సమయమును పాటించుట – వీటికి కావలసినది ముందుచూపు. డబ్బు లేదనే సంస్థలే శాలువాలకు, జ్ఞాపికలకు డబ్బు వెదకుతున్నవని కూడ చెప్పక తప్పదు. పదిమంది అతిథులను ఇద్దరికి తగ్గించి, మిగిలిన సొమ్ముతో క్రింది అంతస్తు హాలు తీసుకొనవచ్చును.

మూడవ ఆక్షేపణ: పెద్దలను గౌరవించుట మన సంస్కృతి, వాక్యము కూడ దానిని బోధిస్తున్నది. నిజమే. తల నెరసినవాని యెదుట లేచి నిలువవలెనని ధర్మశాస్త్రము చెప్పినది (లేవీయకాండము 19:32). అయితే మన మందిరములు ఎక్కువగా కష్టపెట్టేది ఆ పెద్దలనే. మోకాళ్ల నొప్పులు, మందగించిన చూపు, తగ్గిన వినికిడి ఎవరివి? వేదిక మీది పెద్దకు శాలువా కప్పి, సభలోని పెద్ద మెట్ల యొద్ద ఆగిపోతే చూడకుండుట పెద్దలను గౌరవించుట అనిపించుకొనదు.

8. ముగింపు

పై పరిశీలనను బట్టి మన సదస్సుల నిర్వాహకులకు మూడు సూచనలు చేయుచున్నాను. ఒకటి, హాలు అద్దెకు తీసుకొనుటకు ముందు కమిటీలో ఒకరు చక్రాల కుర్చీతో వాకిలి నుండి వేదిక వరకు, మరుగుదొడ్డి వరకు వెళ్లి చూడవలెను. వేదిక వరకు అని ప్రత్యేకముగా చెప్పుచున్నాను. వైకల్యము గలవారు వినుటకు మాత్రమే వస్తారని అనుకొనుట వలననే ర్యాంపు ఉన్న హాళ్లలో కూడ వేదికకు మెట్లు మాత్రమే ఉంటున్నవి. రెండు, ప్రవర్తనా నియమములను సదస్సు పత్రికలో తెలుగులో ముద్రించి, ఫిర్యాదు వినుటకు ఒక స్త్రీని, ఒక పురుషుని పేర్లతో సహా ప్రకటించవలెను. కులము, భాష, లింగము, వైకల్యము ఆధారముగా ఎవరిని కించపరచినను అది వారి దృష్టికి రావలెను. మూడు, సదస్సు నివేదికలో ఎవరు రాలేకపోయారు, ఎందువలన అను ఒక పేరా తప్పక ఉండవలెను. వ్రాయవలసి వచ్చినప్పుడే మనము అడుగుతాము, అడిగినప్పుడే తెలుసుకొంటాము.

గొప్ప విందును గూర్చిన ఉపమానములో (లూకా 14:15-24) దాసుడు వీధులలోనివారిని తోడుకొని వచ్చిన తరువాత యజమానునితో ఇంకను చోటు ఉన్నదని చెప్పాడు. ఆ దాసుడు చోటును లెక్కచూచినవాడు. మన సదస్సులలో అతిథుల కుర్చీలను లెక్కచూచేవారు అనేకులు ఉన్నారు. రావలసినవారికి చోటు ఉన్నదో లేదో లెక్కచూచే పనిని ప్రతి నిర్వాహక సంఘము తన మొదటి సమావేశములోనే ఒకరికి పేరు పెట్టి అప్పగించవలెను.